ఎనిమిది అంకెలు, ఐదు తప్పులు

2007 జూన్ 11, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. కమలాపురం బజారు వీధిలో, మేడ మీద ఉన్న మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో, బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి ఎదురుగా పెట్టుకుని నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తీగ లేకుండా గాలిలోంచి నెట్ అందుకునే అడాప్టర్ అది. ఇప్పుడు మీ ఫోన్లకు ఆ విద్య పుట్టుకతోనే వస్తోంది. అప్పటి కంప్యూటర్లకు అది రాదు. ఆ ముక్కను కొనుక్కొచ్చి, యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చి, నేర్పించాల్సి వచ్చేది.

నేర్పించడం నా వృత్తే. 1978లో ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. 2007 నాటికి నా రిజిస్టర్‌లో 2,316 మంది పేర్లు ఉన్నాయి. పదకొండు టైపు మిషన్లు, ఒక కంప్యూటర్, నేను. విద్యార్థులు టైపు చేసిన ప్రతి కాగితం మీదా ఎర్ర సిరాతో తప్పులు చుట్టి, మొత్తం వేసి, తేదీ వేసేదాన్ని. నా తప్పులకూ ఒక పేజీ ఉండేది. ఏడాదికోసారి నాకు నేనే పది నిమిషాల పరీక్ష పెట్టుకుని, తప్పుల సంఖ్య అందులో రాసేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్ళు, ఇరవై తొమ్మిది సున్నాలు. ఆ పేజీ గురించి నాకు కొంచెం గర్వం ఉండేదని ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథ అంతా దాని చుట్టే తిరుగుతుంది.

మా యజమానిది బట్టల వ్యాపారం. ఆయన దుకాణం మా మేడకు సరిగ్గా ఎదురుగా, వీధికి అవతలి వైపు ఉండేది. ఆ వేసవిలో ఆయన దుకాణానికి, గాలిలోకి నెట్ వదిలే పెట్టెతో సహా, బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అక్కడి నుంచి మా కంప్యూటర్‌కు తీగ లాగితే సరిపోయేది. కాని ఆ వీధికి అడ్డంగా కొత్త తీగ కట్టనివ్వరు. ఆ దారినే రథం పోవాలి, మొహర్రంలో పీర్లు పోవాలి. రెండు పండుగలనూ రెండు మతాల వాళ్ళూ కలిసి చేసే ఊరు కాబట్టి, తీగ కడతామని అడగడానికి కూడా ఎవరికీ నోరు రాదు. నలభై అడుగుల వీధి దాటడానికి గాలి ఒక్కటే దారి.

ఆ ముక్కను కడపలో కొనుక్కొచ్చింది మా మెకానిక్. ఆయన ఇరవై ఏళ్ళుగా నెల నెలా వచ్చి మా మిషన్లకు నూనె వేసి, రిబ్బన్లు మార్చి పోయేవాడు. వయసు యాభై దాటింది. టైపు మిషన్లు ఒక్కొక్కటే మూలపడుతుంటే కంప్యూటర్ల పని సొంతంగా నేర్చుకున్నాడు. కొన్నదాంతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని కడప నుంచి వచ్చే బస్సులో మొత్తం చదివేశాడు.

"ముందు సీడీ ఎక్కించల్ల మేడమ్. ముక్క ముందు పెడితే అది తికమక పడతాది" అన్నాడు.

సీడీ ఎక్కించడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ముక్కను అయిదడుగుల పొడుగు తీగకు తగిలించి, కిటికీ ఊచకు దారంతో కట్టాడు. చివర పచ్చదీపం వెలిగింది. తెర మీద ఒకే ఒక్క పేరు కనబడింది, మా యజమాని దుకాణం పేరు. అయిదు గీతల్లో మూడు గీతల బలం. దాన్ని నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. ఒకసారి కొట్టాక, సరిచూసుకోవడానికి మళ్ళీ అదే కొట్టమంది.

ఆ పాస్‌వర్డ్ నాకు, యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన నా చెవిలో చెప్పి, "టీచరమ్మా, బజారోళ్ళకు తెలిసిందంటే నా నెట్టంతా తాగేస్తారు, మెగానిక్‌కు గూడా చెప్పొద్దు" అన్నాడు. అది ఆయన తండ్రి దుకాణం తెరిచిన తేదీ. 21111971. ఎనిమిది అంకెలు.

మెకానిక్‌కు కీబోర్డ్ ఇవ్వకపోవడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. రెండు వేళ్ళతో కొట్టేవాళ్ళు మిషన్ ముట్టకూడదని మా గోడ మీద బోర్డు ఉండేది. అది నేను రాసిందే. చెడ్డ వేళ్ళను చూస్తే పిల్లల వేళ్ళు చెడతాయని నా నమ్మకం. ఆయన ఒకే వేలితో కొట్టేవాడు.

అందుకని నేనే కొట్టాను. కిందికి చూడకుండా, నేర్పే పద్ధతిలోనే, వీపు నిటారుగా పెట్టి. తెర మీద ఎనిమిది చుక్కలు పడ్డాయి. రెండోసారి ఇంకో ఎనిమిది. కాసేపు తిరిగింది, తిరిగింది, మూలన ఎర్ర ఇంటూ గుర్తు వచ్చింది. కలవలేదు.

ఆ రోజు పద్నాలుగు సార్లు ప్రయత్నించాను. డైరీలో ఉంది.

ఇది ఊరికే సరదాకు పెట్టుకున్న పని అయితే ఇంత లెక్క ఉండేది కాదు. నా దగ్గర టైపు హయ్యర్ పరీక్ష పాసైన ఒక విద్యార్థిని ఉండేది. ముప్పై మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. పగలు బండల ఫ్యాక్టరీలో లోడు లెక్కలు రాసేది. సాయంత్రం ఆరుకు చేతులకు రాతిపొడితో వచ్చి, బయట కుళాయి దగ్గర కడుక్కుని నాలుగో నంబర్ మిషన్ మీద కూర్చునేది. భర్త లేడు. ఆ నెల టైపిస్టు ఉద్యోగాలు పడ్డాయి. మొదటిసారిగా దరఖాస్తు నెట్‌లోనే పెట్టాలన్నారు. ఆఖరు గడువు జూన్ 16, శనివారం, సాయంత్రం అయిదు. జూలైలో ఆమెకు వయసు దాటిపోతుంది. ఆమెకు అదే ఆఖరి అవకాశం.

నా దగ్గర నేర్చుకున్న వాళ్ళలో మరో నలుగురు కడపకు వెళ్ళి నెట్ సెంటర్‌లో పెట్టుకుని వచ్చారు. ఆమె కూడా ఒక రోజు సెలవు పెట్టి పోతానంది. నేనే ఆపాను. అంతకు ముందు ఏడాది ఒకమ్మాయి దరఖాస్తును నెట్ సెంటర్‌లో ఎవరో గబగబా నింపితే, పుట్టిన సంవత్సరం తప్పు పడి తిరస్కరించారు. ఆ కాగితం నా బీరువాలో ఉంది.

"నువ్వు కడపకు పోవద్దు. మనకే నెట్ వస్తాండాది. నా చేత్తో నేను కొడతా, ఒక్క తప్పుండదు" అన్నాను.

"మీరు చెప్తే సరే మేడమ్" అంది.

మంగళవారం ఇరవై రెండు సార్లు కొట్టాను. మెకానిక్ సీడీ తీసి మళ్ళీ ఎక్కించాడు, ముక్కను ముందు రంధ్రంలో పెట్టాడు, వెనక రంధ్రంలో పెట్టాడు, కిటికీ పై ఊచకు కట్టాడు. మధ్యలో ఒకసారి గొంతు సవరించుకుని అడిగాడు.

"మేడమ్, పాస్‌వర్డ్ సరిగ్గా కొడ్తాండారు గదా?"

క్లాసులో ఆరుగురు ఉన్నారు. ఆరు మిషన్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏమప్పా, ఏమడుగుతాండావు?"

"ఊరికే అడిగినా."

"ఇరవై తొమ్మిదేండ్లు. కావాలంటే పేజీ చూపిస్తా."

"వద్దు మేడమ్, వద్దు" అని కిటికీ వైపు తిరిగిపోయాడు. యజమాని దగ్గరికి వెళ్ళి పాస్‌వర్డ్ తీసేసి ఒక్కసారి చూద్దామని అడిగాడట. ఆయన దుకాణంలో గుడ్డ కత్తిరిస్తున్న కత్తెర కింద పెట్టి, "తలుపు తీసి పండుకోమంటావా?" అన్నాడట.

బుధవారం పంతొమ్మిది సార్లు. ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు. సోమవారం నుంచి ప్రతిరోజూ ఆ కవరు తెచ్చి, చూసి, తీసుకుపోతోంది. ఏమీ అనదు. ఏమీ అనకపోవడం నాకు భరించరానిదైంది. ఆమె వెళ్ళిపోయాక నా కోపం మెకానిక్ మీదికి మళ్ళింది.

"ఆ షాపోడు పనికిరాని ముక్క అంటగట్టినాడు. నువ్వు చూసుకోకుండా తెచ్చినావు. లేకపోతే వానికీ నీకూ మధ్య ఏమన్నా ఉండాదో ఏమో!"

ఆ ఆఖరి మాట నా నోట వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే చేయి ఆగుతోంది గాని, వచ్చింది. ఆయన పనిముట్ల సంచి ముడి వేసుకుంటూ నా వైపు చూడకుండా అన్నాడు.

"రేపు మార్చుకోనొస్తా మేడమ్."

గురువారం కడపకు పోయి వేరే ముక్క తెచ్చాడు. తొమ్మిది సార్లు కొట్టాను. ఎర్ర ఇంటూ. శుక్రవారం మళ్ళీ పోయి, ఇంకో రకం తెచ్చాడు. దీనికి చిన్న కొమ్ములాంటి యాంటెన్నా కూడా ఉంది. గీతలు మూడు నుంచి నాలుగయ్యాయి. పదిహేడు సార్లు. ఎర్ర ఇంటూ.

శనివారం పొద్దున ఆరు సార్లు కొట్టాక, పన్నెండింటికి కరెంటు పోయింది. ఆ వేసవిలో మాకు పన్నెండు నుంచి మూడు దాకా కోత. ఫ్యాన్లు ఆగాయి, తెర నల్లబడింది. పన్నెండు నలభైకి ఆమె వచ్చింది. సగం పూట సెలవు పెట్టింది. పన్నెండున్నర బస్సు అప్పుడే పోయింది. మళ్ళీ మూడింటికి, ఆ తర్వాత నాలుగున్నరకు. మధ్యలో జీపులు తిరిగేవిగాని నిండేదాకా కదిలేవి కావు.

నేను నిలబడే చెప్పాను. "నా వల్ల కాలేదు. నువ్వు మూడింటి బస్సుకు కడపకు పో. నాలుగుకు చేరతావు. గంట టైము ఉంటాది."

ఆమె ముఖం వైపు నేను చూడలేదు. "నిన్న కడపలో ఒక్కో సెంటర్ కాడ టోకెన్లిస్తాండారంట మేడమ్. నాలుగుకు పోతే దొరుకుతాదా?" అంది. ఆమె నాలుగో నంబర్ మిషన్ ముందు కూర్చుని, మూత తీయకుండా, కవరు ఒళ్ళో పెట్టుకుంది.

రెండింటికి మెకానిక్ వచ్చాడు. ఏడో నంబర్ మిషన్‌కు రిబ్బన్ మార్చాల్సిన రోజు అది. ఎంత గొడవ పడినా ఆయన పని తేదీ తప్పడు. రిబ్బన్ చక్రం బిగిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"మూడు ముక్కలు మార్చినాం. సీడీ నాలుగుసార్లు ఎక్కించినాం. ఇంగ మిగిలిండేది ఒకటే మేడమ్. చెప్తే మీకు కోపమొస్తాది."

"చెప్పు."

"ఆ పాస్‌వర్డే."

నాకు కోపం వచ్చింది. శుభ్రంగా, తిన్నగా, తల నుంచి కాళ్ళ దాకా వచ్చింది. "లేమ్మా" అని ఆమెను లేపి, నాలుగో నంబర్ మిషన్ మూత తీశాను. కాగితం ఎక్కించాను. ఆ మిషన్‌కు కరెంటు అక్కరలేదు. యజమాని చెవిలో చెప్పిన రహస్యం, ఎవరికీ చెప్పొద్దన్న రహస్యం, కోపంలో గుర్తే లేదు. ఒకే వరుసలో పదిసార్లు కొట్టాను. వరుస చివర గంట మోగింది. కాగితం లాగి ఆయన చేతిలో పెట్టాను.

"తప్పు చూపించు. ఒక్కటి చూపించు."

ఆయన కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. కళ్ళజోడు పైకి తోశాడు. పెదవులు కదుపుతూ చదివాడు. రెండు, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, తొమ్మిది, ఏడు, ఒకటి. నాకు సంతోషం కలిగింది. చదవగలుగుతున్నాడంటే తప్పు లేనట్టే కదా.

అప్పుడాయన చదవడం ఆపేశాడు. కాగితం దించి, నన్ను కాకుండా మిషన్‌ను చూశాడు. వచ్చి దాని మీదికి వంగి, అంకెల వరుస మీద ఒక్క వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పోయాడు.

"మేడమ్, ఇవి ఒకట్లేనా?"

"ఒకట్లు కాక ఏంది?"

"ఈ మిషన్‌కు ఒకటి యాడ ఉండాది?"

నా కన్ను అంకెల వరుస మొదటికి పోయింది.

"ఇరవై ఏండ్లుగా నేను ఈ మిషన్ల అక్షరాల పండ్లు తోముతాండా. నలభై నాలుగు. ప్రతి ఒక్కటీ నాకు తెలుసు. అంకెలు రెండు కాడ మొదలైతాయి. ఒకటి ల్యా."

పాత మిషన్లు చూడని మీకోసం చెబుతున్నాను. మా ఇంగ్లీషు టైపు మిషన్లకు ఒకటి అంకె ఉండేది కాదు. చిన్న 'ఎల్' అక్షరం కాగితం మీద అచ్చం ఒకటిలాగే పడుతుంది కాబట్టి, చేసినవాళ్ళు ఆ మీట మిగుల్చుకున్నారు. ఒకటి కావాలంటే కుడిచేతి ఉంగరపు వేలితో ఎల్ కొట్టాలి. నాకు నేర్పినవాళ్ళు అట్లాగే నేర్పారు, నేను 2,316 మందికి అట్లాగే నేర్పాను. కంప్యూటర్ వచ్చిన రెండేళ్ళూ నా వేలు ఆ పనే చేస్తూ వచ్చింది. ఉత్తరాల్లో ఎవరూ కనిపెట్టలేదు. తెర మీదా, కాగితం మీదా కంటికి అది ఒకటే. కాని పాస్‌వర్డ్ అడిగేవాడికి కళ్ళు లేవు. పైగా నేను కొట్టింది నాకే కనబడకుండా చుక్కలు వేశాడు. రెండోసారి సరిచూడమంటే, నేను తూచా తప్పకుండా అదే తప్పును మళ్ళీ కొట్టాను.

లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాను. కీబోర్డ్ మీది గుడ్డ తీశాను. ఎల్ మీట మీద అక్షరం సగం చెరిగిపోయి ఉంది. పైవరుసలో ఎడమ పక్క ఒకటి మీట ఉంది. దాని మీద సన్నగా దుమ్ము. రెండేళ్ళుగా నేనుగాని, నా దగ్గర నేర్చుకున్న ఒక్కరుగాని దాన్ని ముట్టలేదు.

ఎనిమిది అంకెల్లో ఐదు తప్పులు. అలాంటి చేతిని నేను లోయర్ పరీక్షకు కూడా పంపను.

"తప్పు నాదేనప్పా" అన్నాను.

మెకానిక్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఇది నాకియ్యండి మేడమ్. మీరు తప్పు కొట్టింది ఈ జన్మలో చూస్తానని అనుకోలే. ఫ్రేము కట్టించి అంగట్లో తగిలిస్తా."

ఆమె నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వడం అయ్యాక గోడ గడియారం చూసింది. రెండు నలభై. మూడింటి బస్సు అందుకోవాలంటే అప్పుడే లేవాలి. కరెంటు మూడింటికి రావాలి, కాని ఆ వారంలో మూడింటికి వచ్చింది రెండు రోజులే. మూడు రోజులు ఆలస్యం చేసింది. ఆమె బస్సు వదిలేసి, కరెంటు కూడా రాకపోతే, అక్కడితో అయిపోయినట్టే. ఈసారి ఉండమని నేను అనలేకపోయాను. ఆమె కవరుతో గుమ్మంలో నిలబడిన బుధవారమే అనే హక్కు పోగొట్టుకున్నానని అనిపించింది.

"పో" అన్నాను. "నా మాట విని ఐదు రోజులు పోగొట్టుకున్నావు. ఇంగ వినొద్దు."

ఆమె మెకానిక్ వైపు చూసింది. "ఏమన్నా, కరెంటు వస్తే పని అయితాదా?"

"కరెంటు సంగతి నా చేతిలో ల్యా తల్లీ. కరెంటొస్తే మాత్రం అయితాది. దానికి నాది పూచీ."

కింద వీధిలో బస్సు హారన్ వినబడింది. ఆమె కవరు తీసి కంప్యూటర్ పక్కన, బల్ల మీద పెట్టింది.

"నేను ఉండమనలేదమ్మా" అన్నాను.

"మీరు అనలేదు మేడమ్. సోమవారం మీరు తప్పే రాదన్నారు, అప్పుడు నాకు లోపల భయంగానే ఉన్నింది. ఇప్పుడు తప్పు దొరికింది గదా. దొరికినంక భయమెందుకు?"

మూడయింది. రాలేదు. మూడుంపావు. మెకానిక్ ఏడో నంబర్ మిషన్‌కు నూనె వేశాడు. వేయాల్సిన అవసరం లేని ఎనిమిదికీ వేశాడు. ఆమె తన సర్టిఫికెట్లు తీసి బల్ల మీద వరుసగా పరిచింది, ఏది ముందు అడుగుతారో ఆ వరుసలో. బండల ఫ్యాక్టరీ లెక్కలు రాసిన చేయి కదా, అంచులన్నీ ఒకే గీత మీద ఉన్నాయి.

మూడు ముప్పై అయిదుకు ఫ్యాన్ తిరిగింది. ముగ్గురమూ ఒకేసారి పైకి చూశాం.

కంప్యూటర్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. కిటికీ ఊచ దగ్గర పచ్చదీపం వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది. ఇరవై తొమ్మిదేళ్ళ వృత్తిలో మొదటిసారి తల వంచి కీబోర్డ్ చూశాను. ఎడమచేతి చిటికెన వేలు పైకి జరిపి, ఒకటి మీట ఎక్కడుందో కంటితో చూసి నొక్కాను. ఒక్కొక్క అంకె, నత్తలాగ. చుక్కలు ఎనిమిది, మళ్ళీ ఎనిమిది.

ఎర్ర ఇంటూ పోయింది. మూలన చిన్న మాట లేచింది, కలిసిందని.

"ఆఁ!" అన్నాడు మెకానిక్. అంతే. నా మీద గెలిచినట్టు ఇంకొక్క మాట అనలేదు.

ఆఖరి రోజు కాబట్టి దరఖాస్తు పేజీ తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. సగం నింపాక ఒకసారి ఆగిపోయి, మళ్ళీ మొదటికి వచ్చింది. పుట్టిన తేదీ గళ్ళు వచ్చినప్పుడు చేతులు కీబోర్డ్ మీంచి తీసేశాను. సోమవారమే నెట్ కలిసి ఉంటే, ఆ గళ్ళలో కూడా నా ఉంగరపు వేలు ఎల్ కొట్టి ఉండేది. దాన్ని అవి ఒప్పుకొనేవో, తిప్పికొట్టేవో, ఒప్పుకున్నట్టు నటించి తర్వాత తిరస్కరించేవో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ఒక్కొక్క గడికి చదివి చెప్పింది, నేను కొట్టాను, కొట్టింది మెకానిక్ గట్టిగా చదివాడు. నా పని ఇంకొకరు సరిచూడటం కూడా అదే మొదటిసారి.

నాలుగు గంటల నలభై ఒక్క నిమిషానికి రిజిస్ట్రేషన్ నంబర్ వచ్చింది. ఆమె దాన్ని కాగితం మీద, అరచేతి మీద, కవరు మీద, మూడుచోట్ల రాసుకుంది. తర్వాత కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. మేము కిటికీ వైపు తిరిగి, దారం సరిగ్గా కట్టి ఉందా లేదా అని చాలాసేపు చూశాం.

సోమవారం క్లాసు మొదలయ్యే ముందు గోడ మీది బోర్డు దించాను. క్లాసు మొత్తాన్ని కంప్యూటర్ చుట్టూ నిలబెట్టి, మెకానిక్ ఎదురుగానే జరిగింది చెప్పాను. ఆయన మీద అన్న మాట కూడా చెప్పాను, అది తప్పని చెప్పాను. క్లాసు ముందు వేసిన నింద క్లాసు ముందే దించాలి. బుధవారం విన్నది తానొక్కడేనని ఆయన తర్వాత గుర్తుచేశాడు. అయినా దాన్ని క్లాసు ముందు దించడమే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ రోజు నుంచి వారం పాటు అందరికీ ఒకే పాఠం పెట్టాను, చిటికెన వేలితో ఒకటి. కొందరికి మూడు రోజుల్లో వచ్చింది. నాకు ఎనిమిది రోజులు పట్టింది.

ఆమె పరీక్ష రాసింది. మరుసటి ఏడాది నందికొట్కూరులో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరింది. చేరిన రోజు అక్కడి నుంచే ఫోన్ చేసి, "మేడమ్, ఈడ కీబోర్డ్ మీద ఒకటి మీట అరిగిపోయి ఉండాది" అని చెప్పింది. పిల్లలను అక్కడే బడిలో వేసింది. మెకానిక్ ఆ ముక్కలు పెట్టడంలో చేయి తిరిగినవాడై, రెండేళ్ళలో కమలాపురం చుట్టుపక్కల ముప్పై ఒక్క చోట్ల నెట్ పెట్టాడు. ఎక్కడికి పోయినా, నలభై దాటినవాళ్ళు కీబోర్డ్ ముందు కూర్చుంటే, సీడీ తీయకముందే మొదటి ప్రశ్న ఇదట: "సార్, మీరు టైపు మిషన్ మీద నేర్చుకున్నారా?" ఆ ప్రశ్నతోనే అయిదు చోట్ల పని అయిపోయిందని చెప్పాడు. సాయంత్రాల్లో ఖాళీ దొరికితే వచ్చి నా దగ్గర కూర్చునేవాడు. 2008 చివరికి పది వేళ్ళతో కొట్టాడు. రిజిస్టర్‌లో ఆయనది 2,389వ పేరు.

మీలో చాలామంది ఇప్పుడు వేరే పనులు నేర్చుకుంటున్నారు. వాటిలో ఒకటి అంకె లేని మిషన్ ఏది, దాని బదులు మీ వేలు ఏం కొడుతోంది, నాకు తెలియదు. మీకూ తెలియదు. ఎప్పుడైనా మీ మెకానిక్ గొంతు సవరించుకుని ఏదన్నా అడిగితే, మొదటిరోజే కాగితం మీద కొట్టి చూపించండి. నేను ఆరో రోజు చూపించాను.

పోయినవాటి లెక్క.

పని దినాలు, అయిదున్నర. పాస్‌వర్డ్ ప్రయత్నాలు, ఎనభై ఏడు. ఒక్కోసారి రెండు మార్లు, ఒక్కో మారుకు ఐదు తప్పులు, మొత్తం 870 తప్పు మీటలు. మెకానిక్ కడప ప్రయాణాలు, రెండు. ఆమె సెలవు, సగం పూట. యజమాని రహస్యం, ఒకటి. ఆయనకు నేనే చెప్పాను, ఆయన తేదీ మార్చి వాళ్ళ నాన్న పెళ్ళి రోజు పెట్టుకున్నాడు. జమ్మలమడుగులో ఒక ఆఫీసువాళ్ళు తమ తొమ్మిది టైపు మిషన్ల ఏడాది మరమ్మతు పని మాట్లాడటానికి ఆ శుక్రవారం మెకానిక్‌ను రమ్మన్నారు. ఆయన నా ముక్క మార్చడానికి కడపకు పోయాడు, పని వేరేవాళ్ళకు పోయింది. ఆయన చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది.

నా తప్పుల పేజీలో ఇరవై తొమ్మిది సున్నాలు. అన్నీ కొట్టేశాను.